పాల కేంద్రానికి నేను వేసిన తాళం

వసంత్ నన్ను అడిగింది చిన్న తాళం. ఎవరైనా పొరపాటున మీట నొక్కితే కంప్రెసర్ ఆగిపోకూడదు, అంతే. అడిగినవాడు నా గుణం తెలియనివాడేమీ కాదు, కాలేజీలో మూడేళ్ళు నా పక్క బెంచీలో కూర్చున్నవాడే. అయినా అడిగాడు. తప్పు వాడిదే అని కొన్నాళ్ళు వాదించి చూశాను గానీ, మా ఇంట్లో కూడా ఎవరూ ఒప్పుకోలేదు.

వసంత్‌ది బూదికోట. వాళ్ళ రాగి పొలం పక్కనే పాలు చల్లబరిచే కేంద్రం పెట్టుకున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళ పాలు రెండు పూటలా అక్కడికి వస్తాయి. పెద్ద స్టీలు ట్యాంకులో పోసి చల్లబరుస్తారు. పొద్దున ట్యాంకర్ లారీ వస్తుంది. డ్రైవర్ ముందు పాల వేడి ఎంతో చూస్తాడు. చల్లగా ఉంటే పైపు తగిలిస్తాడు, వెచ్చగా ఉంటే మొహం చూడకుండా పోతాడు. అప్పుడు ఆ ట్యాంకెడు పాలూ కాలువ పాలే.

కంప్రెసర్‌ను నడిపేది ఒక పాత కంప్యూటర్. మౌసూ లేదు, బొమ్మలూ లేవు, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు. పాల క్యాన్లు మోసే సొన్నప్ప ఒకరోజు అలసిపోయి ఆ కీబోర్డు మీద మోచెయ్యి ఆనించి బీడీ వెలిగించుకున్నాడు. కంప్రెసర్ ఆగింది. అదృష్టం బాగుండి వసంత్ అక్కడే ఉన్నాడు. ఆ వారమే నాకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నువ్వు అదేందో స్క్రీనుకు బీగం వేసేది చెప్తా ఉంటావు కదా, దాన్ని మాకూ కొంచెం పెట్టిచ్చు."

నా గురించి ఇక్కడ చెప్పుకోవాలి. నా పేరు శ్రీకృష్ణ. బంగారు గనుల ఊరు ఛాంపియన్ రీఫ్‌లో పుట్టాను. గనులు మూసేసినా మేము ఊరు వదలలేదు. రోజూ మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి రైలెక్కి బెంగళూరు పోయి, ఒక కంపెనీలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం చేస్తాను. ఆఫీసులో నాది మధ్యరకం కుర్చీ. కానీ నల్లటి తెర ముందు కూర్చుంటే మాత్రం నేను మైసూరు మహారాజును.

టీమక్స్ అని ఒక ప్రోగ్రాం ఉంది. అది ఒకే తెరను గదులు గదులుగా విడగొడుతుంది. ఒక గదిలో పాల లెక్క, ఇంకో గదిలో కంప్రెసర్, ఏ గది పని ఆ గదిలో నడుస్తూ ఉంటుంది. దాంతో ఏం చేయించుకోవాలన్నా ముందు కంట్రోల్ మీటతో కలిపి 'బి' నొక్కి, వదిలి, ఆ తర్వాత ఇంకో మీట నొక్కాలి. లోకమంతా అలాగే నొక్కుతుంది. నచ్చనివాళ్ళు మీటలు మార్చుకోవచ్చు. ఈ 'మార్చుకోవచ్చు' అన్న మాటే నన్ను పాడుచేసింది. పదేళ్ళుగా మారుస్తూనే ఉన్నాను. మా ఇంటి కంప్యూటర్‌లో ఏ మీటా దాని మీద రాసి ఉన్న పని చేయదు. నా భార్య కుముద ఒకసారి దాంట్లో కరెంటు బిల్లు కట్టబోయి, తెర నాలుగు ముక్కలై తాళం పడిపోతే, అలాగే లేచి నిలబడింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి," అని, బిల్లు కట్టడానికి బజారుకు నడిచిపోయింది.

ఇలాంటి నాకు ఒక కేంద్రం కంప్యూటర్ మొత్తం దొరికింది. ఆకలిగొన్నవాడికి పెళ్ళి భోజనం దొరికినట్టయింది. వరసగా మూడు ఆదివారాలు బూదికోటకు పోయి కూర్చున్నాను.

ఉత్త తాళం వేస్తే నా గొప్పేముంది? పాల కేంద్రానికి తగ్గ పద్ధతి ఒకటి కావాలి అనుకున్నాను. నాన్నను అడిగాను. మా నాన్న సుబ్బరాయ గనుల టైమాఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగకాలంలో గనిలోకి దిగింది ఒక్కసారి, అదీ ఎవరో పెద్ద అధికారి వెంట ఫైలు పట్టుకుని. కానీ గని కట్టుబాట్లన్నీ ఆయనకు నోటికి వచ్చు. అడగగానే మంచం మీద నిటారుగా కూర్చున్నారు.

"మనుషుల్ని గనిలోకి దించే కేజ్‌కు గంటలు ఉండాయి గదరా! ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే దించు. మూడు కొడితే మనుషులు ఎక్కతా ఉండారు, జాగ్రత్త అని. ఇంగ టోకెన్! లోపలికి పోయేవాడు ఇత్తడి బిళ్ళ తీసుకోవాల. వాడు పైకి వచ్చి బిళ్ళ ఇచ్చేదాకా ఆ షిఫ్టు మూసేది లేదు. ఒకడి బిళ్ళ ఇంకొకడు ముట్టేదానికే లేదు. తమ్ముడైనా సరే!"

మాకిద్దరికీ ఉత్సాహం వచ్చేసింది. దిగనివాడికే గని మీద ప్రేమ ఎక్కువ. మా ఇంట్లో అది వంశపారంపర్యం.

గనుల గంటలన్నీ పాల కేంద్రం మీటలైపోయాయి. ముందు ఆ కంట్రోల్ జత నొక్కి, తర్వాత ఒకటి నొక్కితే కంప్రెసర్ ఆగుతుంది, రెండు నొక్కితే చలి పెరుగుతుంది, మూడు నొక్కితే మనిషి వచ్చి కూర్చున్నట్టు. కూర్చునేవాడు తన టోకెన్ నంబర్, రహస్యపదం కొట్టి లోపలికి పోవాలి, లేచేటప్పుడు టోకెన్ తీయాలి. తీయకుండా లేచిపోతే కాసేపటికి తెర తాళం వేసుకుంటుంది. ఎవరి టోకెన్ లోపలుందో వాళ్ళ రహస్యపదానికి తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. మూడుసార్లు తప్పు కొడితే తెర కొంతసేపు మౌనవ్రతం పడుతుంది. మళ్ళీ తప్పితే అంతకు రెట్టింపు.

టోకెన్లు ముగ్గురికి ఇచ్చాను. కేంద్రం వసంత్‌ది, పాలు ఊరివాళ్ళవి, అయినా ఒకటో నంబర్ నాకే పెట్టుకున్నాను. రెండు వసంత్‌కు. మూడు చంద్రికకు.

చంద్రిక ఆ ఊరి పిల్లే. డిప్లొమా చదివింది. కేంద్రంలో చేరి ఎన్నో రోజులు కాలేదు. వాళ్ళమ్మ పిల్లమ్మ రెండు ఆవుల పాలు రోజూ అక్కడే పోస్తుంది. "నా పూటలో పాలు చెడితే వసంతన్న నన్ను పెట్టుకోడన్నా, ముందే చెప్పినాడు," అని మొదటి రోజే నాతో అంది. నేను నవ్వి, "నా సిస్టం ఉండగా నీకేమి భయమమ్మా," అన్నాను.

జాగ్రత్తలు అంతటితో ఆపలేదు. ఎవరైనా బయటినుంచి దూరుతారని ఇంటర్నెట్ వైరు పీకించాను. రెండు దారులుంటే గందరగోళమని గోడ మీది పాత చేతి స్విచ్చు తీయించాను. కరెంటు పోయివస్తే కంప్రెసర్ దానంతటది మొదలుకాకూడదు, మనిషి ఓల్టేజి చూసి మీట నొక్కాలి అని నియమం పెట్టాను. కరెంటు పోయినా కంప్యూటర్ ఆగకుండా బ్యాటరీ పెట్టించి, దాన్ని ఎవరూ ఆఫ్ చేయకూడదని వసంత్ చేత అందరికీ గట్టిగా చెప్పించాను.

ఆఫ్ చేయొద్దు అనడానికి ఇంకో కారణం ఉంది, అది ఎవరికీ చెప్పలేదు. ఆ మీటల అమరికంతా నేను అక్కడ కూర్చుని నడుస్తున్న ప్రోగ్రాంలోనే కట్టుకుంటూ పోయాను. దాన్ని ఫైల్లో రాసి భద్రం చేయడం అనే పని మిగిలిపోయింది. కంప్యూటర్ ఆఫ్ చేస్తే మూడు ఆదివారాల కష్టం గాలికి పోతుంది, పాత తెర మళ్ళీ వస్తుంది. వచ్చే ఆదివారం రాద్దాంలే అనుకున్నాను.

మూడో ఆదివారం సాయంత్రం అందరినీ నిలబెట్టి పాఠం చెప్పాను. టోకెన్ ఎలా పెట్టాలో చూపించడానికి నాదే పెట్టాను. టోకెన్ తీయకుండా లేస్తే ఎంత ప్రమాదమో చాలాసేపు చెప్పాను. చెప్పి చెప్పి గొంతెండి, వాళ్ళిచ్చిన మజ్జిగ తాగి, వసంత్ బండి ఎక్కి వచ్చేశాను. నా టోకెన్ తీయలేదు.

కంప్రెసర్ తన పాటికి తాను ఆడుతూ ఉంది కాబట్టి ఆ రాత్రి ఎవరికీ ఆ తెరతో పని పడలేదు.

సోమవారం పొద్దున రైలు బంగారపేట దాటింది. రోజూ నా ఎదుటి సీట్లో కూర్చునే ముత్యాలప్ప టిఫిన్ డబ్బా తెరిచాడు. ఆయన మాలూరులో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. అప్పుడు నా ఫోన్ మోగింది.

"అన్నా, నేను చంద్రికను. కరెంటు పోయి వచ్చినాదన్నా. కంప్రెసర్ ఆన్ చేద్దామంటే స్క్రీన్ తెరుచుకోలేదు. ఒకటో టోకెన్ లోపల ఉండాది, ఇతరులు తాకరాదు అని రాసుండాది."

"ఎవరిదమ్మా ఒకటో టోకెన్?" అన్నాను గంభీరంగా. "అట్లా తీయకుండా లేచిపోతే ఎట్లా?"

"మీదే అన్నా."

ముత్యాలప్ప ఇడ్లీ నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు.

"పాలు ఎంతలో ఉండాయి?" అన్నాను గొంతు తగ్గించి.

"ట్యాంకు ముల్లు ఏడు డిగ్రీలు దాటింది. నాలుగులో ఉండాల. ఇంగా క్యాన్లు వస్తానే ఉండాయి, అన్నీ ఇప్పుడు పిండిన వేడి పాలు. ట్యాంకర్ వచ్చే టైమవుతా ఉంది. వసంతన్న సుగటూరులో పెండ్లికి పోయినాడు, ఫోన్ ఎత్తలేదు. ఏమి చేసేదన్నా?"

ఆమె గొంతు వణుకుతోంది. నాది మాత్రం వణకలేదు, ఇంకా తెలివి ఉందనుకుంటున్నాను కాబట్టి.

"ఏమీ కాదు. నా పాస్‌వర్డ్ చెప్తాను, కొట్టు."

చెబుదామని నోరు తెరిచి చుట్టూ చూశాను. నిలబడేవాళ్ళు నిలబడ్డారు, వేలాడేవాళ్ళు వేలాడుతున్నారు. అయినా తప్పదు. ఒక్కొక్క అక్షరమే చెప్పాను. మొదటిది పెద్ద 'ఎం' అన్నాను. పట్టాల చప్పుడులో ఆమెకు వినపడలేదు, గట్టిగా చెప్పమంది. గట్టిగా చెప్పాను. నేను ముగించేసరికి ముత్యాలప్ప అక్షరాలన్నీ కూడబలుక్కుని, నలుగురికీ వినపడేలా అడిగాడు.

"మేధావి శ్రీకృష్ణనా అప్పా?"

బోగీలో నవ్వని మనిషి లేడు. కిటికీ పక్కన నిద్రపోతున్నామె కూడా లేచి, విషయం కనుక్కుని, నవ్వి మళ్ళీ పడుకుంది.

"తప్పు అని వచ్చిందన్నా," అంది చంద్రిక.

"పెద్ద ఎం కొట్టినావా?"

"క్యాప్స్ నొక్కే కొట్టినాను. ఇంకోసారి కొడతా." కాసేపాగి, "మళ్ళీ తప్పు," అంది. నేను ఆలోచించేలోపే, "మూడోసారీ తప్పే అన్నా. ఇప్పుడు ఏమీ తీసుకోలేదు. బీగం బొమ్మ ఒకటి వచ్చి ఊరికే కూర్చొనుండాది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ క్యాప్స్ మీటను కంట్రోల్ మీటగా మార్చింది నేనే. చిటికెన వేలికి అందుబాటులో ఉంటుందని, తెలిసినవాళ్ళంతా అలాగే చేస్తారని, ఆ ఆదివారమే మార్చాను. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బీగం బొమ్మ కూడా నేనే గీశాను, చుక్కలతో, చాలా శ్రద్ధగా.

అన్నీ తెలిసినమ్మ అమావాస్యనాడు చస్తే ఏమీ తెలియనమ్మ ఏకాదశినాడు చచ్చిందంటారు. నేను ఆ అన్నీ తెలిసినమ్మకు సొంత తమ్ముణ్ణి.

"అన్నా," అంది చంద్రిక, "దీన్ని ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తే తెరుచుకుంటాదా?"

తెరుచుకుంటుంది. నాకు బాగా తెలుసు. ఆఫ్ చేసి ఆన్ చేస్తే తాళమూ ఉండదు, టోకెనూ ఉండదు. పాత తెర వస్తుంది, ఎఫ్ టూ నొక్కితే కంప్రెసర్ ఆడుతుంది. సొన్నప్ప మోచేతికి కూడా తెలిసిన పద్ధతి అది.

"వద్దు వద్దు!" అన్నాను. "అట్లా చేస్తే మొత్తం చెడిపోతుంది. నేను చెప్పేదాకా దాన్ని ముట్టుకోవద్దు."

అవతల ఎవరో క్యాను కింద పెట్టిన చప్పుడైంది.

"సరే అన్నా," అంది.

అబద్ధం చెప్పాను. పాల మీద, ఆమె ఉద్యోగం మీద, పిల్లమ్మ పొద్దున్నే లేచి పిండిన రెండు ఆవుల పాల మీద అబద్ధం చెప్పాను, నా మీటల కోసం. చెప్పగానే సిగ్గేసింది. సిగ్గేసినా మాట వెనక్కి తీసుకోలేదు. ఆ మౌనవ్రతం తీరగానే ఈసారి షిఫ్ట్ మీటతో పెద్ద ఎం కొట్టిస్తే సరిపోతుంది, పాలూ నిలుస్తాయి, మీటలూ నిలుస్తాయి అని లెక్క వేసుకున్నాను. అవ్వా కావాలి, బువ్వా కావాలి నాకు.

కాసేపటికి నేనే ఫోన్ చేశాను. ఫోన్‌లో ఏదో గుంయ్‌మని హోరు. రైలు చప్పుడనుకున్నాను.

"బీగం బొమ్మ పోయిందామ్మా?"

"ఆఁ... పోయిందన్నా."

"ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని ఎం కొట్టు. క్యాప్స్ ముట్టుకోవద్దు."

"కొడతా ఉండానన్నా."

"ఏమొచ్చింది?"

"ఏమీ రాలేదన్నా."

"షిఫ్ట్ యాడ ఉండాదో తెలుసా నీకు? కింద, ఎడమ పక్క! నిదానంగా కొట్టమ్మా, తొందరపడితే ఏ పనీ కాదు," అని కోప్పడ్డాను. డిప్లొమా చదివిన పిల్లకు షిఫ్ట్ మీట ఎక్కడుందో చెప్పాను. ఆమె "ఊఁ అన్నా" అంది. ఇంకోసారి కొట్టమన్నాను. "ఊఁ" అంది. ఆ ఊఁలో భయం లేకపోవడం నాకు వింతగా అనిపించలేదు, నా ధైర్యవచనాల ఫలితమే అనుకున్నాను.

ముత్యాలప్ప డబ్బా మూసి, చెయ్యి తుడుచుకుని, నా వైపు వంగాడు.

"పాలు పోతా ఉండాయా అప్పా?"

"పోతా ఉండాయి," అన్నాను.

"ఎవరివి?"

ఎవరివో చెప్పడం మొదలుపెట్టాను. బూదికోటవాళ్ళవి అన్నాను, పక్క ఊళ్ళవి అన్నాను, ఆ పిల్ల వాళ్ళమ్మవి కూడా అన్నాను. చెబుతూ ఉంటే క్యాన్లు నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచి వచ్చేవాళ్ళు కళ్ళ ముందు కనపడ్డారు. వాళ్ళ పాలకు ఒకటో నంబర్ టోకెన్‌తో ఏం పని? ఎవడు అడిగాడు ఆ గంటలు? నా మీద నాకు అసహ్యం వేసింది.

రైలు త్యాకల్‌లో ఆగింది. ఇక్కడ దిగి ఆటో దొరికితే ఆటో, లేకపోతే ఎవరి బండి వెనకైనా ఎక్కి, బూదికోట చేరుకుని, నా తప్పు నేనే దిద్దుకుందాం అనుకున్నాను. ఈలోపు ఫోన్‌లో ఆఫ్ చేయమని చెప్పేద్దాం. మీటలు పోతే పోనీ. ఇంత గొప్ప త్యాగం చేస్తున్నందుకు ఒళ్ళు కొంచెం పులకరించింది కూడా. దూకినంత పని చేసి దిగాను. రైలు కదిలింది. ముత్యాలప్ప కిటికీలోంచి "అప్పా, బ్యాగు!" అని అరిచి, నా బ్యాగును ప్లాట్‌ఫారం మీదికి విసిరాడు. నేను దాన్ని పట్టుకోలేదు, ఫోన్ పట్టుకుని ఉన్నాను కాబట్టి.

"చంద్రికమ్మా, విను. ఆ కంప్యూటర్ ఆఫ్ చెయ్యి. బ్యాటరీ వైరు పీకెయ్యి. నేను చెప్తా ఉండాను, ఏమన్నా అయితే నాదే జవాబుదారీ. ఆఫ్ చేసి ఆన్ చేసి ఎఫ్ టూ నొక్కు. పాలు ముఖ్యం."

రైలు వెళ్ళిపోయింది గనక ఇప్పుడు ఆ గుంయ్ హోరు స్పష్టంగా వినపడుతోంది. అది కంప్రెసర్.

"చేసేసినానన్నా," అంది.

"ఎప్పుడు?"

"మీరు వద్దన్నారే, అప్పుడే. మీరు ఫోన్ పెట్టంగానే బ్యాటరీ వైరు పీకినాను. నాకు భయమయిందన్నా, మా అమ్మ క్యాను పట్టుకొని ఎదురుగానే నిలబడుండె. ముల్లు ఇప్పుడు అయిదుకు దిగింది. ట్యాంకర్ వచ్చేలోగా నాలుగుకు వస్తాది."

"మరి షిఫ్ట్ పట్టుకుని కొట్టినానంటివి?"

"లేదన్నా. సుమ్మనే, ఊరికే చెప్పినాను. మీరు అంత బాధగా ఆ బీగం గురించి చెప్తా ఉంటే మధ్యలో ఎట్లా చెప్పేది?"

త్యాకల్ ప్లాట్‌ఫారం మీద నేనూ నా బ్యాగూ తప్ప ఎవరూ లేరు. పాలు నిలిచాయి, ఆ పిల్ల ఉద్యోగం నిలిచింది. నేను సంతోషించాలి. మనిషన్నవాడు ఎవడైనా ముందు ఆ మాటే అంటాడు. నేను మాత్రం, ఇంత జరిగాక కూడా, ఇంత సిగ్గుపడ్డాక కూడా, ఇలా అడిగాను:

"నేను పెట్టిన మీటలన్నీ పోయినాయా?"

"పోయినాయన్నా," అంది చంద్రిక. తర్వాత, పసిపిల్లవాడికి చెప్పినట్టు మెల్లగా, "పాలు ఉండాయి," అంది.

'మంచి పని చేసినావమ్మా' అనాలని నాకు తెలుసు. ముందు వంగి బ్యాగు ఎత్తి, దుమ్ము దులిపాను. ఆమె ఫోన్ పెట్టేయకుండా అలాగే ఉంది. వెనక ఎవరో క్యాను దించుతున్న చప్పుడు, పిల్లమ్మ ఎవరినో జరగమంటున్న చప్పుడు వినపడ్డాయి. చివరికి ఆ మాట అన్నాను.

"ఉండనీలే అన్నా," అంది చంద్రిక. "ఎండకు నిలబడొద్దు, ఇంగ ఆఫీసుకు పోండి."